తెల్ల మెట్ల ఊరు

రేవు వీధి, కంపెనీ హాస్టలు, పదకొండో గది
జనవరి 6

చెల్లాయికి,

నన్ను ఇంటికి పంపించేశారు. ఇరవై తొమ్మిదేళ్ళు ఓడ లాండ్రీలో జనం విడిచిన బట్టలు ఉతికినందుకు మేనేజరు ఒక గోడ గడియారం ఇచ్చి, నాతో చెయ్యి కలిపి, ఆ చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. ప్రస్తుతం ఈ హాస్టల్లో ఉన్నాను. ఏప్రిల్ నెలాఖరు దాకా ఉండనిస్తారట. తరవాత ఎక్కడికో చూసుకోవాలి.

అసలు సంగతి అది కాదు. రిటైరైన ప్రతివాడికీ కంపెనీ ఒక ఓడ ప్రయాణం ఉచితంగా ఇస్తుంది. పనివాడిలా కాదు, టిక్కెట్టు కొన్నవాళ్ళలా దర్జాగా తిరిగి రావచ్చు. ఫారం దీంతో పంపుతున్నాను. మూడు దారులున్నాయి. ఒకటోది మంచు కొండల వైపు. రెండోది చిన్న చిన్న దీవుల చుట్టూ. మూడోది నీకు తెలిసిందే, నేను ఎక్కువ ఏళ్ళు తిరిగింది, తెల్ల మెట్ల ఊళ్ళో ఆగేది. ఫిబ్రవరి నెలాఖరులోగా ఏదో ఒకదానికి టిక్కు పెట్టి ఇవ్వాలి. ఇద్దరం వెళ్తే కిటికీ లేని గది ఇస్తారు. ఒక్కరే అయితే, నేనైనా నువ్వైనా, కిటికీ ఉన్నది. ఇదెక్కడి న్యాయమో నాకూ తెలీదు.

నన్నడిగితే ఒకటోదే మేలు. మూడోదానిలో కొత్తగా ఏముంది, నీకు అంతా రాసేశాను కదా.

కళ్ళెలా ఉన్నాయి? సూదిలోకి దారం ఎక్కుతోందా? మీ షాపులో కాజాలు కుట్టేదే, ఆ కాజాల పిల్ల, ఎప్పుడైనా కనపడుతుందా? ఊరికే అడిగాను.

అన్నయ్య


టైలరింగ్ షాపు మేడ గది
జనవరి 15

అన్నయ్యకు,

కొత్తగా ఏముంది అని అడుగుతావా. నీకు లేదేమో, నాకు అన్నీ కొత్తే. నువ్వు ఊళ్ళు తిరుగుతున్న ఇరవై తొమ్మిదేళ్ళూ నేను తిరిగింది కటింగ్ బల్ల చుట్టూ. బల్లకీ కిటికీకీ మధ్య ఆరడుగులు. కిటికీ తెరిస్తే ఎదురింటి నీళ్ళ పైపు. అది ఎక్కడ కారుతుందో, ఏ ఏడు ఎక్కడ అతుకేశారో కళ్ళు మూసుకుని చెప్పగలను.

నీ ఉత్తరాలు బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. మూత పట్టక తాడు కట్టాను. నూట నలభై మెట్లు, పై నుంచి కింద దాకా సున్నం కొట్టినవి. పన్నెండో మెట్టు మీద కూర్చుంటే ఒంటికి సగం ఎండ, సగం నీడ. అక్కడ నారింజలమ్మే ముసలావిడ నీకోసం మంచి కాయలు పక్కన పెట్టేది, నిన్ను దుప్పట్లబ్బాయీ అని పిలిచేది. ఏడేళ్ళ కింద ఆవిడ పోయిందని రాశావు చూడు, నేను రెండు రోజులు మిషను తొక్కలేదు. ఎవరు పోయారమ్మా అని షాపాయన అడిగితే మా బంధువులావిడ అని చెప్పాను. ఆయన పాపం సెలవు ఇచ్చాడు.

కాబట్టి మూడో దారే. ఇద్దరం వెళ్దాం. కిటికీ లేకపోతే లేకపోయింది, గదిలో ముడుచుకుని కూర్చోడానికా వెళ్ళేది. కంటి డాక్టరు నవ్వుతూనే అన్నాడు, చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఈ ఏడాదిలోనే చూసేయండి అని. నాకు చూడాలని ఉన్నది ప్రపంచంలో అదొక్కటే. పన్నెండో మెట్టు మీద కూర్చోవాలి, నువ్వు పక్కనుండి చూపించాలి.

కాజాల పిల్ల గురించి అడగడం నువ్వింకా మానలేదు. నువ్వు ఓడెక్కిన మూడో ఏడే పెళ్ళి చేసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయిందని ఎన్నిసార్లు రాయాలి.

నీ చెల్లి


కంపెనీ హాస్టలు
జనవరి 27

చెల్లాయికి,

కోపం తెచ్చుకోనంటే ఒక మాట చెప్తాను. మూడో దారి వద్దు. ఆ మెట్లు ఇప్పుడు లేవు. పోయిన ఏడాదే పగలగొట్టి రోడ్డు వేశారు. పైగా ఆ ఎండ నీ కళ్ళకి మంచిది కాదు. నీ మోకాళ్ళు నూట నలభై మెట్లు ఎక్కే మోకాళ్ళా చెప్పు. ఇప్పుడు అక్కడంతా జనం, తోపులాట, ముసలావిడ కూడా లేదాయె.

మంచు కొండలకి వెళ్దాం. కాదంటే నువ్వొక్కదానివే దీవుల దారిన వెళ్ళు, కిటికీ ఉన్న గది వస్తుంది. నేను కిటికీ లేని గదిలో ఉండలేను. ఎందుకని అడక్కు.

తొందరగా రాయి. ఫారానికి ఇంక నెలరోజులే ఉంది.

అన్నయ్య


టైలరింగ్ షాపు మేడ గది
ఫిబ్రవరి 4

అన్నకి,

మెట్లు పగలగొట్టారన్నావు. మళ్ళీ ఆ కిందే నా మోకాళ్ళు ఆ మెట్లు ఎక్కలేవన్నావు. లేని మెట్లకి నా మోకాళ్ళ గొడవ దేనికి? పోయిన జూన్‌లో రాసిన ఉత్తరం డబ్బాలోంచి తీసి దీని పక్కన పెట్టుకుని చదివాను. అందులో మెట్లకి కొత్తగా సున్నం కొట్టారనీ, తడి ఆరలేదనీ, ప్యాంటుకి అంటిందనీ ఉంది. తడి ఆరకముందే పగలగొట్టారా?

నీళ్ళు నమలడం ఆపి సూటిగా చెప్పు. నీకక్కడ ఇంకో సంసారం ఉంది. నన్ను తీసుకెళ్తే ఆవిడ ఎదురవుతుంది, పిల్లలు నాన్నా అంటూ వస్తారు. అంతే కదా? ఉంటే ఉందని చెప్పు. నేనేం కొరుక్కుతినను. ఇన్నేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేసినందుకు మాత్రం ఒళ్ళు మండుతోంది. ఒక్క పండక్కైనా రాకుండా, ఒక్క పెళ్ళికైనా రాకుండా సెలవు లేదు, సెలవు లేదు అని రాశావు. మెట్ల మీద కూర్చుని నారింజలు ఒలుచుకోడానికి మాత్రం ప్రతి ఏడూ సెలవే.

ఫారం మీద మూడోదానికి టిక్కు పెట్టి తిప్పి పంపుతున్నాను. ఇద్దరు అన్న చోట కూడా పెట్టాను. నీకు కిటికీ లేకపోతే ఊపిరాడదేమో, నాకు మాత్రం ఉన్నా లేకపోయినా ఒకటే. కిటికీలోంచి పైపు చూసిన మనిషిని.

ఈసారి ఉత్తరంలో నిజం లేకపోతే విప్పకుండానే పొయ్యిలో పెడతాను.


కంపెనీ హాస్టలు
ఫిబ్రవరి 13

చెల్లీ,

సంసారం కాదు కదా, ఆ ఊళ్ళో నాకు తెలిసిన కుక్క కూడా లేదు. నేను అక్కడ ఎప్పుడూ కాలు పెట్టలేదు. అక్కడే కాదు, ఏ ఊళ్ళోనూ పెట్టలేదు.

ఓడ రేవులో ఆగిన రోజే మాకు పని ఎక్కువ. జనం దిగి ఊరు చూడ్డానికి పోతారు, వాళ్ళు లేని ఆ కాసేపట్లోనే గదులన్నిట్లో దుప్పట్లు మార్చాలి. తట్టలు తట్టలు మా మీద పడతాయి. తలెత్తేసరికి ఓడ కదులుతుంది. మా లాండ్రీ అట్టడుగున ఉంటుంది, నీళ్ళ మట్టానికి కింద. కిటికీ అన్న మాటే లేదు. పగలో రాత్రో టిఫిను గంట కొడితేనే తెలిసేది. నేను కిటికీ లేని గదిలో ఉండలేనన్నది అందుకు. ఇంకో రోజు కూడా ఉండలేను.

మరి రాసిందంతా ఎక్కడిదంటావా. బట్టల్లోది. ఒక్కో రేవు దాటాక వచ్చే బట్టలకి ఒక్కో మురికి ఉంటుంది. ఒక చోట జేబుల్లో ఎర్ర ఇసుక. ఒక చోట చేతులకి చెట్టు జిగురు. ఆ ఊరు దాటాక ప్యాంట్ల వెనక, గౌన్ల అంచులకి తెల్ల సున్నం వచ్చేది. వెనకే ఎందుకంటుతుంది? జనం ఏదో తెల్లదాని మీద కూర్చుంటున్నారన్నమాట. గోడైతే వీపుకి అంటాలి. అందుకని మెట్లు అనుకున్నాను. జేబుల్లో నారింజ తొక్కలు దొరికేవి, ఎవరో అమ్ముతుండాలి కదా. ముసలావిడ అనుకున్నాను. ఏడేళ్ళ కింద తొక్కలు రావడం ఆగిపోయింది. వరసగా మూడు ట్రిప్పులు చూశాను, ఒక్కటీ లేదు. పోయి ఉంటుందనుకున్నాను. అప్పటి నుంచి ఈనాటిదాకా ఒక్క తొక్క రాలేదు. నమ్ముతావో లేదో, నాకూ రెండు రోజులు అన్నం సయించలేదు.

మొదటి ఉత్తరంలో నువ్వు బెంగపడకూడదని నాలుగు ముక్కలు కల్పించాను. నువ్వు ఇంకా రాయమన్నావు. రాశాను. తరవాత ఆపడం నా చేతకాలేదు. చెమట, సబ్బు, ఆవిరి, ఇవి రాస్తే ఎవరు చదువుతారు.

పదకొండో ఏడు నాకు కిందికి దిగడానికి ఒక పాసు ఇచ్చారు. ఆ ఊళ్ళోనే. మంచి చొక్కా వేసుకుని లాండ్రీలోంచి పైకెక్కి ఓడ తలుపు దాకా వెళ్ళాను. బయట వెలుగు కళ్ళలో పొడిచింది, ఏమీ కనపడలేదు. అప్పటికి పదేళ్ళుగా ఆ ఊరి గురించి నీకు రాస్తున్నాను. అడుగు బయట పెడితే అక్కడ బొగ్గు కుప్పలు ఉంటే? వెనక్కి తిరిగి వచ్చి దుప్పట్లు మడిచాను.

పొయ్యిలో పెట్టాలనుకుంటే ఇప్పుడు పెట్టు.

అన్నయ్య


మేడ గది
ఫిబ్రవరి 22

నీ ఉత్తరం చదివి మూడు రోజులు మిషను తొక్కలేదు. షాపాయన ఈసారి ఎవరు పోయారని అడిగాడు. మా అన్నయ్య అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. కాదులెండి, బతికే ఉన్నాడు అని చెప్పుకోవలసి వచ్చింది.

పుట్టని ముసలిదానికి ఏడ్చాను. అది పోనీ. నువ్వు నిజం చెప్పావు గనక నేనూ చెప్తాను, విను. తట్టుకోగలవో లేదో నాకనవసరం.

కాజాల పిల్ల నువ్వెళ్ళిన మూడో ఏడు పెళ్ళి చేసుకోలేదు. నీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ సూది పక్కన పెట్టి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడేది. నేను గట్టిగా చదివేదాన్ని. మూడో ఏడు నువ్వొక ఉత్తరం అడుగున ఒక మాట రాశావు. రెండేళ్ళలో వచ్చేస్తాను, ఆగమని చెప్పు అని. నేను అక్కడిదాకా చదివి ఆ మాట చదవకుండా మడిచేశాను. ఏమీ రాయలేదా అని అడిగింది. రాశాడు, మెట్ల మీద కూర్చుని నారింజలు తింటున్నాడట, అక్కడే బాగుందట, ఇంక రానంటున్నాడు అని చెప్పాను. నీకేమో పెళ్ళయిపోయిందని రాశాను. ఆ పిల్ల అయినా నాలుగేళ్ళు చూసింది. తరవాత ఎవరికో ఇచ్చారు. రెండు వీధుల అవతలే ఉంటుంది. మొగుడు నోరు విప్పితే తిట్లే, చెయ్యి కూడా చేసుకుంటాడు. షాపుకి వచ్చినప్పుడు చెయ్యి పొడుగు చేతుల జాకెట్టులో దాచుకుని వస్తుంది. కొలతలు తీసేది నేనే, నాకు కనపడకుండా ఎలా ఉంటుంది.

ఎందుకు చేశానంటే కుళ్ళు. వేరే పేరేం లేదు. అక్కడ నీకు సముద్రం, మెట్లు, ఎండ, నీడ, ముద్దుగా పిలిచే ముసలావిడ. ఇక్కడ నాకు ఆ పిల్ల ఒక్కతే స్నేహం. ఆమె కూడా నీకేనా, అన్నీ నీకేనా అనిపించింది.

ఇప్పుడు నువ్వు ఆవిరిలో దుప్పట్లు మడుస్తూ గడిపానని చెప్తున్నావు. అదే మాట ఆనాడు రాసి ఉంటే నేను ఆ ఒక్క లైనూ చదివి ఉండేదాన్ని. ఒట్టేసి చెప్తున్నాను, చదివి ఉండేదాన్ని. ఫారం చించెయ్యి. అక్కడ మెట్లు లేకపోతే ఆ పిల్ల బతుకు నేను దేనికోసం పాడు చేసినట్టు?


కంపెనీ హాస్టలు
ఫిబ్రవరి 27

నీ ఉత్తరం ఒక్కసారే చదివాను. రెండోసారి చదవను. ఆమె గురించి నువ్వు నాకు ఇంకెప్పుడూ రాయకు. నేనూ అడగను. అడిగే హక్కు మనిద్దరికీ లేదు.

ఫారం చించలేదు. ఈ రోజు పొద్దున్నే ఆఫీసులో ఇచ్చేశాను. మూడోదానికి నువ్వు పెట్టిన టిక్కు అలాగే ఉంచాను. ఇద్దరు అన్నది కొట్టేసి ఒక్కరు అని రాసి నీ పేరు పెట్టాను. కిటికీ ఉన్న గది. గుమాస్తా నాకు తెలిసినవాడే, మూడో వరసలో చివరి నుంచి రెండోది ఇమ్మని అడిగాను, దానికి ఇంజను చప్పుడు తగలదు. ఏప్రిల్ రెండున పదింటికి బయల్దేరుతుంది. టిక్కెట్టు నీకే పోస్టులో వస్తుంది.

నేను రాను. నా మొహం చూడ్డం నీకిష్టం ఉండదు, నాకూ నీది చూడాలని లేదు. కానీ నువ్వు వెళ్ళాలి. ఇంత నాశనానికి కారణమైన ఊరు, మనలో ఒక్కరైనా నిజంగా చూడాలి. మెట్లుంటే ఉన్నాయని రాయి. బొగ్గు కుప్పలుంటే బొగ్గు కుప్పలని రాయి.

ఒక్కటి అడుగుతాను. వెళ్ళేటప్పుడు ఒక శాలువ కప్పుకుని వెళ్ళు. తిరిగొచ్చాక ఉతక్కుండా నాకు పంపు. నువ్వు ఏం రాసినా రాయకపోయినా, మిగతాది నేను దాంట్లో చూసుకుంటాను.


మేడ గది
ఏప్రిల్ 19

అన్నయ్యకు,

వెళ్ళి వచ్చాను. ఓడ ఊపుకి రాయడం కుదరలేదు, అందుకే ఇంటికొచ్చాక రాస్తున్నాను.

నువ్వు ఇప్పించిన గది బాగుంది. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఎటు చూసినా నీళ్ళే. ఒక్క పైపు కూడా లేదు.

ఐదో రోజు ఆ ఊళ్ళో ఆగింది. భయంగానే దిగాను. మెట్లు ఉన్నాయి అన్నయ్యా. రేవులోంచి తలెత్తితే మొదట కనపడేవి అవే. పై నుంచి కింద దాకా తెల్లగా సున్నం కొట్టి, ఎండకి కళ్ళు చెదిరేలా ఉన్నాయి. నేను ఆగి ఆగి ఎక్కి లెక్కపెట్టాను. నూట నలభై. మళ్ళీ దిగి పన్నెండో మెట్టు మీద కూర్చున్నాను. సగం ఎండ, సగం నీడ. నువ్వు రాసినట్టే ఉంది. పక్కన ఒకావిడ నారింజలు అమ్ముతోంది. మా అమ్మ కూడా ఇక్కడే అమ్మేది అని చెప్పింది. ఆ ముసలావిడ కూతురే అనుకుంటాను. దుప్పట్లబ్బాయి తెలుసా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. రెండు కాయలు కొని అక్కడే కూర్చుని తిన్నాను.

కాబట్టి నువ్వు అబద్ధం రాయలేదు. చూడకుండా నిజం రాశావు, అంతే. ఇంక దాని గురించి కుమిలిపోకు. నిన్ను క్షమించానని కాదు. నన్ను నువ్వు క్షమించాలని అడగడమూ లేదు. ఆ ఊరు మాత్రం ఉంది.

అడిగావుగా, శాలువ పంపుతున్నాను. ఉతకలేదు.

నీ చెల్లి


కంపెనీ హాస్టలు
ఏప్రిల్ 28

చెల్లాయికి,

శాలువ అందింది. ఎల్లుండి ఈ గది ఖాళీ చేస్తున్నాను. ఊరి చివర లాండ్రీ వాళ్ళు ఇస్త్రీకి రమ్మన్నారు, వెనక గది ఇస్తామన్నారు. అడ్రసు తరవాత పంపుతాను, లేదా పంపను. ఇంకా అనుకోలేదు.

శాలువ బల్ల మీద పరిచి చాలాసేపు చూశాను. కింది అంచుకి తెల్లగా అంటి ఉంది. సున్నమైతే వెనిగర్ చుక్క వేస్తే నురగ కడుతుంది. వేశాను, కట్టలేదు. వేలితో రాస్తే జారింది, మైనం తగిలింది. అది నువ్వు బట్ట మీద గీతలు గీసే సుద్ద. ఒక మూల నారింజ వాసన ఉంది, తొక్క గట్టిగా రుద్దావు, ఊలు లేచిపోయింది. ఏడేళ్ళుగా ఆ ఊరి నుంచి ఒక్క తొక్క రాలేదని నీకు రాశాను. మరిచిపోయినట్టున్నావు. ఇవన్నీ పోనీ అనుకుని చివరికి నాలిక ఆనించి చూశాను. ఓడలో ఒక్క రోజున్న బట్టకైనా ఉప్పు పడుతుంది. ఎంత దులిపినా పోదు, ఇరవై తొమ్మిదేళ్ళు నా చేతులు కాలింది దానితోనే. నీ శాలువలో ఉప్పు లేదు.

ఎందుకు ఎక్కలేదని నేను అడగను. పాసు చేతిలో పట్టుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగినవాణ్ణి, నేనేం అడుగుతాను. నీ ఉత్తరం బాగుంది. నాకంటే బాగా రాశావు. ఆ పైపు మాట దగ్గర ఒక్క క్షణం నమ్మేశాను కూడా.

నీకు ఒక సంగతి చెప్పలేదు. ఏప్రిల్ రెండున నేను రేవుకి వచ్చాను. నా మొహం నీకు కనపడకుండా గోడౌన్ పక్కన నిలబడ్డాను. ఎక్కేవాళ్ళలో నిన్ను వెతికాను, కనపడలేదు. ముందే ఎక్కేశావనుకున్నాను. మూడో వరసలో చివరి నుంచి రెండో కిటికీ లెక్కపెట్టుకుని చూశాను. తెర వేసి ఉంది. లోపల బట్టలు సర్దుకుంటున్నావేమో, ఎండ పడక వేశావేమో అనుకున్నాను. ఓడ కదిలింది. ఆ తెర ఇప్పుడు తీస్తావు, ఇంకాసేపట్లో తీస్తావు అనుకుంటూ, అది రేవు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా దానికేసి చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

అన్నయ్య